చెక్కుచెదరని కబడ్డీ

ఒకప్పుడు ఒక పిప్పరమెంటు కంపెనీ ఉండేది. ఆ కంపెనీవాళ్లు ప్రతి బిళ్లతోనూ ఒక అట్టముక్క ఇచ్చేవారు. అట్టముక్క మీద క్రికెట్ ఆటగాడి బొమ్మ ఉండేది. బిళ్ల రుచి గురించి తిన్నవాళ్లెవరూ పెద్దగా చెప్పుకోరు. పిల్లలు బొమ్మ కోసమే కొనేవారు. కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. బొమ్మల్లోని ఆటగాళ్లు కొందరు కాలం చేశారు, కొందరు మోకాళ్ల నొప్పులతో ఇంట్లో ఉన్నారు. మొన్న ముంబయిలో జరిగిన వేలంలో ఆ అట్టముక్కల్లో ఒకటి ముప్ఫై ఎనిమిది లక్షలకు పోయింది. ఆ బొమ్మలోని పెద్దమనిషి జన్మంతా బంతులేసినా అందులో పదోవంతు కళ్లజూడలేదట.

ఈ వార్త చదివి దేశంలో చాలామంది నిట్టూర్చి పేజీ తిప్పేసి ఉంటారు. మా ఆఫీసర్ మార్కండేయులు గారు తిప్పలేదు. ఆయన మా జిల్లా క్రీడాభివృద్ధి సంస్థకు సంచాలకులు. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటును, పేరు పట్నాయక్. నా పని ఆయన చెప్పింది రాయడం, రాసిందాన్ని ఆయన చేత సంతకం పెట్టించడం, తర్వాత జరిగినదానికి నేను బాధ్యుణ్ని కానని నాకు నేను చెప్పుకోవడం.

ఆ రోజు ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపు వేయమన్నారు. బల్ల మీద పేపరు ఉంది. కళ్లు చెమ్మగా ఉన్నాయి.

"పట్నాయక్, ఈ కార్డు నా దగ్గర ఉండేదయ్యా. సైకిలు చక్రంలో పుల్లల మధ్య ఇరికించుకున్నాను. చక్రం తిరిగితే పటపటమని మోటారుసైకిలు లాగా మోగేది. ముప్ఫై ఎనిమిది లక్షలు పటపటలాడించుకుంటూ బడికి వెళ్లాను."

నేను ఓదార్చాను. మా ఇంట్లో అయితే అటువంటి అట్టముక్కలు కుంటి బల్ల కోడు కింద పెట్టేవాళ్లమని చెప్పాను. ఆయనకు కాస్త ఊరట కలిగింది.

జిల్లా మొత్తాన్ని ఓదార్చాలని ఆయనకు అనిపించింది. పాత కార్డులు ఉన్నవాళ్లందరూ పట్టుకు రావాలని ప్రకటన వేశారు. వాటి విలువ కట్టడానికి హైదరాబాదు నుంచి శశిభూషణ్ గారనే నిపుణుణ్ని రప్పించారు. ఆయన చేతులకు తెల్లని తొడుగులు, కంటికి భూతద్దం పెట్టుకుని మా ఆఫీసు హాల్లో కూర్చున్నారు. జనం ట్రంకుపెట్టెల అడుగులు గాలించి బారులు తీరారు. ఆయన ఒక్కో కార్డునూ చూసి, కొత్తదనానికి పదికి ఇన్ని అని మార్కులు వేశారు. సాయంత్రం అయ్యేసరికి జిల్లాలో రెండు మార్కులు దాటిన కార్డు ఒక్కటీ తేలలేదు. మావాళ్లు వాటిని అన్నం మెతుకులతో గోడలకు అంటించారు. వాటి మీద ఉప్మా పెట్టుకుని తిన్నారు. ఒక ముసలావిడ తెచ్చిన కార్డుకైతే పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. బ్యాటు భుజాన పెట్టుకుని నిలబడిన ఆటగాణ్ని గద పట్టుకున్న ఆంజనేయస్వామి అనుకుని ఆవిడ ఇరవై ఏళ్లు పూజ చేసిందట. శశిభూషణ్ గారు దానికి సున్నా వేశారు. ఆవిడ ఏమీ అనుకోకుండా కార్డును కళ్లకద్దుకుని, కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

"ఏ వస్తువు విలువైనా దాని వాడకానికి విలోమానుపాతంలో ఉంటుంది. మీ జిల్లా ప్రజలు వస్తువులను అమితంగా వాడేశారు" అని నిపుణుడు తేల్చేశారు.

మార్కండేయులు గారికి ఈ వాక్యం ఉపదేశం లాగా తగిలింది. దాన్ని ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనుక తగిలించారు. వారం తిరక్కుండా మా సంస్థ పేరు 'క్రీడా సంపద పరిరక్షణ సంస్థ' అయింది. బోర్డు మారింది, రబ్బరు స్టాంపులు మారాయి. కొత్త పథకం కూడా వచ్చింది. పాత కార్డులు పాడైపోయాయి కాబట్టి కొత్త కార్డులు తయారు చేసి, వాటిని పాతబడనిచ్చి, ఆ పాతబడటంలో మాత్రం పాడవకుండా చూడాలి. యాభై ఏళ్ల తర్వాత వేలం వేస్తే జిల్లా బడ్జెట్టు మొత్తం అందులోంచే వెళ్లిపోతుందని అంచనా. అంతవరకూ జీతాలు ఎలాగని ఎవరూ అడగలేదు.

కార్డు మీద ఎవరి బొమ్మ వేయాలి అన్నప్పుడు మరో ఆలోచన అక్కర్లేకపోయింది. ఆ ఏడు మా జిల్లా ఆడపిల్లల కబడ్డీ జట్టు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు ప్రాణం గౌరి. మూతపడ్డ జూట్ మిల్లు పక్క కాలనీ పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూతకు వెళ్లి అవతలి వాళ్లను ముట్టుకు రావడం చాలామంది చేస్తారు. గౌరి ప్రత్యేకత వేరు. అవతలి వాళ్లు ఆమె చీలమండ పట్టుకుంటారు, నలుగురు మీద పడతారు, ఇక అయిపోయిందని అందరూ అనుకుంటూ ఉండగా ఆ గుట్టలోంచి జారిపోయి గీత మీద చెయ్యి వేస్తుంది. ఆ ఒక్క విద్య చూసే జాతీయ శిబిరం వాళ్లు ఆమెను ఎంపిక పోటీలకు పిలిచారు. అందులో నెగ్గితే దేశం జట్టు, దానితోపాటు ఉద్యోగం. పోటీలు వచ్చే నెలలో.

ఏడుగురికీ ఫొటోలు తీశారు. ఒక్కొక్కరికి ఒకే ఒక్క కార్డు ఉండాలన్నారు. ప్రెస్సువాడు వెయ్యికి తక్కువైతే గిట్టదన్నాడు కాబట్టి ఒక్కొక్కరివి వెయ్యి వేయించి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది చొప్పున తగలబెట్టడానికి వేరే టెండరు పిలిచాం. మిగిలిన ఏడు కార్డులనూ గాలి చొరని ప్లాస్టిక్ పలకల్లో బిగించి ఇనప్పెట్టెలో పెట్టాం. అక్కడితో ఆగితే ఈ కథ రాయవలసిన పని లేదు.

శశిభూషణ్ గారు రెండోసారి వచ్చినప్పుడు ఇంకో సంగతి చెప్పారు. కార్డు ఒక్కటే బాగుంటే సరిపోదట, బొమ్మలో ఉన్న మనిషి పేరు కూడా చెక్కుచెదరకూడదట. ఆటగాడు ఓడిపోయినా, కాలు విరిగి మూలపడినా కార్డు ధర పడిపోతుంది. మార్కండేయులు గారు చాలాసేపు కుర్చీ వెనుక ఫ్రేమును చూశారు. తర్వాత నాకు డిక్టేషన్ ఇచ్చారు.

"సదరు క్రీడాకారిణులు సంస్థ యొక్క చరాస్తిలో అంతర్భాగమైనందున, వారిని కార్డు జారీ అయిన తేదీ నాటి స్థితిలో యథాతథంగా పరిరక్షించవలెను. ఎట్టి పరిస్థితులలోనూ వారిని ఎవరూ తాకరాదు. ఉల్లంఘించినవారి నుండి కార్డు విలువ వసూలు చేయబడును."

ఈ సర్క్యులర్ చూసి కోచ్ అప్పలసూరి మేస్టారు పరుగున వచ్చారు. ఆయన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"అయ్యా, కబడ్డీ అంటేనే పట్టుకోడం కదండీ. ముట్టుకోవొద్దంటే మరేటి ఆడతారండీ పిల్లలు?"

"ఆటను సంస్థ నిషేధించలేదు మేస్టారూ" అన్నారు మార్కండేయులు గారు. "మా క్రీడాకారిణి ఇతరులను తాకవచ్చును. ఇతరులు ఆమెను తాకరాదు. ఆట ఆగదు, ఆస్తి చెడదు. ఇందులో మీకు కనిపించిన లోపమేమిటో రాతపూర్వకంగా తెలియజేయండి."

మేస్టారు రాతపూర్వకంగా తెలియజేయలేదు. బయటకు వచ్చి నా బల్ల దగ్గర మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆ నెలలో మా జట్టు ఆడిన ఆటల్లాంటివి నేను ముందెన్నడూ చూడలేదు. గౌరి కూతకు వెళ్లేది. అవతలి పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఆమె ఒక్కొక్కరినీ ముట్టుకుని, నడుచుకుంటూ వెనక్కి వచ్చేది. కొందరు మర్యాదకు తామే ముందుకు వచ్చి భుజం అందించేవారు. స్కోర్లు ఎనభైకి సున్నా, తొంభైకి సున్నా. పేపర్లు గౌరిని ఓటమెరుగని వీరవనిత అని రాశాయి. శశిభూషణ్ గారు ఫోనులో కార్డు ధర పెంచారు. మార్కండేయులు గారు ఆఫీసులో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను, కాజా బాగానే ఉంది.

అటువంటి ఒక విజయం మర్నాడు గౌరి తల్లితో కలిసి నా దగ్గరకు వచ్చింది. తల్లి పేరు నూకాలు. మిల్లు మూసేశాక ఇళ్లలో పని చేస్తోంది.

"పట్నాయక్ గారండీ, పోటీలకి ఇంకా పది రోజులే ఉన్నాయి. నన్ను పట్టుకుని నెలయిపోనాది. పట్టు ఇడిపించుకోడమే కదండీ నా ఆట. ఎవులూ పట్టుకోకపోతే ఏటి ఇడిపించుకోను? అక్కడ మొదటి కూతకే నన్ను ముద్ద సేసీసి పక్కన పడేస్తారు" అంది గౌరి.

"ఇంటి దగ్గర ప్రాక్టీసు చేసుకోలేవామ్మా?"

"వాచ్‌మేన్‌ని పెట్టేరు కదండీ వీధిలో. నిన్న మా తమ్ముడు జడ లాగితే ఆడి పేరు రాసుకున్నాడు."

నిజమే, ఆ వాచ్‌మేన్ నియామకం ఉత్తర్వు టైపు చేసింది నేనే. గౌరి తల దించుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ నూకాలు మాట్లాడింది.

"మా అమ్మని ముట్టుకోకూడదనీవోరు బాబూ, అప్పట్లో. మేం తక్కువోలమని. ఇప్పుడు నా కూతుర్ని ముట్టుకోకూడదంటన్నారు, ధర ఎక్కువని. పక్కన ఎవులూ లేకుండా నిలబడ్డం మాత్రం ఒక్కలాగే ఉంది."

నాకు సిగ్గేసింది, అది చెప్పడానికి మొహమాటం లేదు. పోటీలకు వెళ్లడానికి అనుమతి కోరుతూ గౌరి ఇచ్చిన అర్జీని లోపలికి పట్టుకెళ్లాను. మార్కండేయులు గారు చదివి, "అక్కడివాళ్లు తాకరని హామీపత్రం ఇస్తే పంపిద్దాం" అని రాశారు. అంటే పంపనని అర్థం.

ఈలోగా మా పథకానికి వచ్చిన మంచి పేరు పొరుగువాళ్లకు పాకింది. పక్క జిల్లా సంస్థ కూడా కార్డులు వేయించింది. దాని పక్క జిల్లా కూడా వేయించింది. అంతా మాలాగే తమ పిల్లలను ఎవరూ తాకరాదని సర్క్యులర్లు తీశారు. ఆ పరిస్థితిలో అంతర్ జిల్లా ఫైనల్ మా ఊళ్లోనే, మా మైదానంలోనే వచ్చిపడింది. పోటీ మాకూ పక్క జిల్లాకూ.

ఇరు జిల్లాల అధికారులు వేదిక మీద కూర్చున్నారు. మార్కండేయులు గారు, క్రీడ అన్నది మానవుడు మానవుణ్ని చెక్కుచెదరకుండా చూసుకునే ఉన్నత స్థాయికి చేరుకున్నదని ప్రసంగించారు. రిఫరీ ఈల వేశాడు. మావాళ్లు ఏడుగురు గీతకు ఇటు, వాళ్లు ఏడుగురు అటు. అటు పిల్లలకు ఇటు పిల్లలను తాకే హక్కు లేదు, ఇటు పిల్లలకు అటు పిల్లలను తాకే హక్కు లేదు. పద్నాలుగు మంది నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో కూతకు వెళ్లి, అవతలి పిల్లలకు దూరదూరంగా ఒక చుట్టు తిరిగి, కబడ్డీ కబడ్డీ అనుకుంటూ వెనక్కి వచ్చారు. అవతలివాళ్లు వచ్చి అలాగే తిరిగి వెళ్లారు. మొదటి సగం సున్నా సున్నా. వేదిక మీద చప్పట్లు. ఒక్క గీత కూడా పడలేదని శశిభూషణ్ గారు భూతద్దంలోంచి చూసి సంతోషించారు. జనం మాత్రం ఒక్కొక్కరే లేచి టీ కొట్టు వైపు నడిచారు.

రెండో సగంలో గౌరి కూతకు వెళ్లింది. వాళ్ల జట్టులో సవర సుమిత్ర అనే పిల్ల ఉంది. కొండ మీది ఊరు, పట్టు ఉడుంపట్టు. బడి ఆటల రోజుల నుంచి ఇద్దరూ ఎదురెదురుగా ఆడినవాళ్లే. గౌరి తిన్నగా వెళ్లి సుమిత్ర ముందు ఆగింది. కూత ఆపకుండానే కుడికాలు ఎత్తి ఆమె ముందు పెట్టింది. సుమిత్ర వేదిక వైపు చూసింది. గౌరి కాలు తియ్యలేదు. కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది, ఊపిరి అయిపోతోంది. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

సుమిత్ర వంగి ఆ చీలమండ పట్టుకుంది.

తర్వాతిది వర్ణించడం నా వల్ల కాదు. గౌరి బోర్లా పడింది. సుమిత్ర వదల్లేదు. మిగతా ఆరుగురూ సర్క్యులర్ మరిచిపోయారో, నెల రోజుల ఆకలి గుర్తొచ్చిందో, ఒక్కసారిగా మీదపడ్డారు. దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఒక చెయ్యి బయటకు వచ్చింది. వేళ్లు నేల మీద పాకుతూ గీత వైపు వస్తున్నాయి. టీ కొట్టు దగ్గరి జనం గ్లాసులతో సహా పరిగెత్తుకొచ్చారు. గీతకు జానెడు దూరంలో ఊపిరి చాలక కూత ఆగిపోయింది, చెయ్యి వాలిపోయింది. గౌరి అవుటు. నెలలో మొదటిసారి ఆమె ఓడిపోయింది. లేచి నిలబడితే కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది, మోచేతుల తోలు లేచిపోయింది. ఆ పిల్ల మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. మొహం తుడుచుకుని సుమిత్రతో, "గట్టిగానే పట్టీసేవే. రేపు కూడా పట్టుకుందువు గాని" అంది.

వేదిక మీద మార్కండేయులు గారు కుర్చీలో కూలబడ్డారు.

శశిభూషణ్ గారు అక్కడికక్కడే గౌరిని పరీక్షించారు. కనుబొమ్మ మీద చిరుగు, అంచులు అరిగినవి, ఉపరితలం మీద గీతలు. అదీగాక ఓటమి. పదికి ఒకటిన్నర. ఈ మనిషి బొమ్మ ఉన్న కార్డుకు ఇక విలువ లేదు. సుమిత్ర నుంచి విలువ వసూలు చేద్దామని ఆమె జిల్లావాళ్లకు రాస్తే, ఆమె మోకాలు కూడా దోక్కుపోయిందనీ, ఆ నష్టం మీ క్రీడాకారిణి వల్లనే జరిగిందనీ తిరుగుటపాలో జవాబు వచ్చింది. రెండు బాకీలూ సరిపోయాయి.

మిగిలింది గౌరి. విలువ లేని వస్తువును ఆఫీసులో ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధం. విరిగిన కుర్చీలనూ మోగని గంటలనూ ఏం చేస్తామో అదే చేయాలని నేను ఫైలు మీద సవినయంగా రాశాను. మార్కండేయులు గారు విరక్తిలో ఉన్నారు, సంతకం పెట్టేశారు. 'యడ్ల గౌరి, వయసు పంతొమ్మిది, మరమ్మతుకు వీలుకాని స్థితిలో ఉన్నందున కండెమ్ చేయడమైనది. సంస్థకు ఇకపై ఈమెతో ఎట్టి సంబంధమూ లేదు.' ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నూకాలు చదివించుకుని విని, "అంటే ఇంక ఎవులైనా ముట్టుకోవచ్చా బాబూ?" అని అడిగింది. ముట్టుకోవచ్చమ్మా అన్నాను. ఆవిడ కూతురి తల దగ్గరకు లాక్కుని, కనుబొమ్మ మీది కట్టు సరిచేసింది.

గౌరి పోటీలకు వెళ్లింది. నాలుగో రోజు ఫోను చేసింది.

"మొదటి రోజు నాలుగు కూతలకీ పట్టీసేరండి. రాత్రి ఒళ్లు కదల్లేదు. నిన్న రెండిడిపించుకున్నాను. ఇయాల ఒకమ్మాయి సరిగ్గా సుమిత్రలాగే పట్టిందండి, దాన్నీ ఇడిపించుకుని గీత ముట్టీసేను. శిబిరంలో ఉండిపొమ్మన్నారు."

ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుని తల ఎత్తేసరికి లోపలి నుంచి గంట మోగింది. వెళ్లి చూస్తే మార్కండేయులు గారు నిలబడి ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"పట్నాయక్, శశిభూషణ్ గారు ఇప్పుడే మాట్లాడారు. దేశంలో ఈసరికి అన్ని జిల్లాలూ కార్డులు వేశాయట. వేలకు వేలు, అన్నీ పదికి పదే. చెక్కుచెదరనిది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతోంది. ఓడిపోయి దెబ్బ తిన్నది మాత్రం గౌరిది ఒక్కటే. అరుదైనది అదే. దానికి ఎంత పలుకుతోందో తెలుసునా? తక్షణం ఆ అమ్మాయిని వెనక్కి పిలిపించు."

ముప్ఫై ఏళ్ల సర్వీసు ఊరికే పోదు.

"చిత్తం. కానీ ఒకసారి కండెమ్ చేసినదాన్ని తిరిగి స్టాకులోకి తీసుకుంటే ఆడిట్ వారు సంతకం పెట్టిన అధికారి జీతంలో కోత వేస్తారండి."

ఆ ఫైలు మీద సంతకం ఎవరిదో గుర్తు తెచ్చుకుని ఆయన కూర్చున్నారు. కాసేపు ఫ్రేము వైపు చూశారు. ఫ్రేము ఏమీ సాయం చేయలేదు.

"పోనీ, మన దగ్గర ఇంకా ఆరుగురు ఉన్నారు కదా. వాళ్లకు కూడా అటువంటి దెబ్బలే తగిలించాలంటే విధానం ఏమిటి?"

నేను కొంచెం ఆలోచించినట్టు నటించాను.

"కబడ్డీ ఆడించాలండి."

"రోజూ ఆడించాలా?"

"రోజూ ఆడిస్తేనే సహజంగా వస్తాయండి."

ఆయన డిక్టేషన్ ఇచ్చారు, నేను రాసుకున్నాను. పాత సర్క్యులర్ రద్దయింది. క్రీడాకారిణులకు సముచితమైన దెబ్బలు తగిలించే నిమిత్తం, ప్రతి దినం సాయంకాలం వారిని మైదానమునకు తోలుకొనిపోయి, పరస్పరం పట్టుకొనునట్లు కబడ్డీ ఆడించవలెను. ఇరుగుపొరుగు జిల్లాల క్రీడాకారిణుల సహకారం కోరవచ్చును. ఖర్చు నష్టాల పద్దు కింద రాసుకొనవలెను.

సంతకం తడి ఆరకముందే కాగితం పట్టుకుని మైదానానికి నడిచాను. అప్పలసూరి మేస్టారు గట్టు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఉత్తర్వు ఆయన చేతికి ఇచ్చాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, లేచి గీత గీయడం మొదలుపెట్టారు.